ఇంట్లో చిన్న రైలు మార్గం: 6×4 అడుగుల బల్ల మీద హెచ్‌ఓ నమూనా కట్టే పద్ధతి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది చెట్ల దగ్గరో కొండల దగ్గరో కాదు. పట్టాలు సరిగా కూర్చోకముందే వాటి మీద కొండ కట్టేయడం వల్ల. రైలు నిలకడగా నడిచే దాకా రంగు డబ్బా మూత తీయకూడదు. ఈ మార్గదర్శి మొత్తం ఆ క్రమంలోనే సాగుతుంది.

నమూనాగా తీసుకున్నది అరకు లైను తరహా దృశ్యం: ఒకే ట్రాకు, ఒక కొండ, ఒక సొరంగం, ఒక చిన్న స్టేషను, ఇనుప ఖనిజం మోసే గూడ్సు రైలు. వారానికి ఒక ఆదివారం చొప్పున ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఎనిమిది వారాల పని.

1. కొనకముందు తేల్చుకోవలసినవి

స్కేలు. హెచ్‌ఓ అంటే 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ స్కేలు 1:160, గేజి 9 మి.మీ. పిల్లలతో కలిసి చేసేటప్పుడు హెచ్‌ఓ మేలు. ఎన్ చక్రాలను చిన్న చేతులు పట్టాల మీద పెట్టలేవు, విసుగొచ్చి వదిలేస్తారు. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. రావాలి. కాబట్టి భారతీయ రైలు నమూనా 16.5 మి.మీ. ట్రాకు మీద కాస్త ఇరుకుగా నిలబడ్డట్టు కనిపిస్తుంది. దీన్ని పట్టించుకోవద్దు. దొరికే ట్రాకంతా ఆ గేజిలోనే ఉంటుంది.

వంపు, బండి పొడవు. బండి పొడవుకు కనీసం మూడింతలు వంపు వ్యాసార్ధం ఉంటే రైలు నిశ్చింతగా తిరుగుతుంది. రెండున్నర రెట్లయితే నడుస్తుంది గానీ చూడ్డానికి బాగుండదు. మన బల్ల మీద పట్టే వంపు 18 అంగుళాలు, అంటే 457 మి.మీ. దాన్ని మూడుతో భాగిస్తే 152 మి.మీ. బండి ఇంతలోపు ఉంటే మేలు.

ఎల్‌హెచ్‌బీ ప్రయాణికుల పెట్టె హెచ్‌ఓలో సుమారు 270 మి.మీ. వస్తుంది, ఇక్కడ పనికిరాదు. ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ అసలు పొడవు 10.7 మీటర్లు, నమూనాలో 123 మి.మీ. హాయిగా తిరుగుతుంది. ఈ సైజు బల్లకు గూడ్సు రైలే ఎంచుకోమనడానికి కారణం ఇదే. ఇంజను నాలుగు ఇరుసులది, 170 మి.మీ. లోపు ఉన్నది తీసుకోండి, రెండున్నర రెట్ల లెక్కలో అది నడిచిపోతుంది. ఆరు ఇరుసుల ఇంజన్లు కొన్ని ఈ వంపులో చక్రం ఎత్తేస్తాయి.

స్థలం. మనిషి చెయ్యి సౌకర్యంగా అందేది 30 అంగుళాలు. బల్ల వెడల్పు 48. గోడకు ఆనించి పెడితే వెనక ట్రాకు మీద పడ్డ వ్యాగన్‌ను తీయలేరు. వెనక రెండడుగుల దారి వదలండి. లేదా కాళ్లకు బ్రేకున్న చక్రాలు బిగించి, అవసరమైనప్పుడు బల్లను ముందుకు లాగండి.

2. సామాను జాబితా

ట్రాకు అంతా ఒకే తయారీది, ఒకే కోడ్‌ది కొనాలి. కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మి.మీ., కోడ్ 83 ఎత్తు 2.1 మి.మీ. రెండూ కలిపితే ప్రతి అతుకు దగ్గరా మెట్టు వస్తుంది. పట్టా లోహం నికెల్ సిల్వర్ అయి ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉక్కు పట్టాలు ఒక్క వానాకాలానికే తుప్పు పడతాయి.

☐ 18 అంగుళాల వంపు ముక్కలు (ఒక్కొక్కటి 30 డిగ్రీలు): 13
☐ 9 అంగుళాల తిన్నని ముక్కలు: 6
☐ కుడిచేతి పాయింటు (రైలును పక్క ట్రాకులోకి మళ్లించే ముక్క): 1 (9 అంగుళాల పొడవు, పక్క దారి కూడా 18 అంగుళాల వంపే ఉన్నది)
☐ డెడ్ ఎండ్ ముక్క (ట్రాకు చివర బండిని ఆపేది): 1
☐ పట్టాలను కలిపే లోహపు జాయినర్లు ఒక ప్యాకెట్, ప్లాస్టిక్ జాయినర్లు ఒక ప్యాకెట్
☐ 12 వోల్టుల డీసీ కంట్రోలర్, 1 ఆంపియర్
☐ ఇంజను 1, వ్యాగన్లు 5
☐ 12 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీటు ఒకటి
☐ 2×1 అంగుళాల కర్ర 34 అడుగులు, కాళ్లకు 2×2 కర్ర 11 అడుగులు
☐ 5 మి.మీ. కార్కు షీటు, 45 మి.మీ. పట్టీలుగా కోస్తే మొత్తం 16 అడుగులు వచ్చేంత
☐ 1 చ.మి.మీ. ఇంటి వైరు, ఎరుపు 5 మీటర్లు, నలుపు 5 మీటర్లు. సన్నని వైరు రెండు రంగుల్లో
☐ 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, రోజిన్ ఉన్న సాల్డరు తీగ, మల్టీమీటరు, ఒక ఆన్-ఆఫ్ స్విచ్చి

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన సెట్టు ఉంటే కంట్రోలర్ వెనక రాసింది చదవందే ప్లగ్గు పెట్టవద్దు. 120 వోల్టులకు చేసినదాన్ని మన 230 వోల్టుల్లో పెడితే క్షణాల్లో కాలిపోతుంది. సెట్టు అలాగే వాడుకోండి, కంట్రోలర్ ఒక్కటి ఇక్కడిది కొనండి.

3. బల్ల

ప్లైవుడ్‌ను కొట్టులోనే 6×4కి కోయించండి. మిగిలే 2×4 ముక్క కంట్రోలు పెట్టెకు, పక్కల అంచులకు పనికొస్తుంది. ఆరడుగుల నిలువు కర్రలు రెండు, వాటి మధ్య 18 అంగుళాలకొకటి చొప్పున ఐదు అడ్డకర్రలు. మేకులు వద్దు, స్క్రూలు వాడండి.

ఎత్తు 32 అంగుళాలు పెడితే ఎనిమిదేళ్ల పిల్లలు నిలబడి పట్టాలను సులభంగా చూడగలరు, అందుకోగలరు. చిన్నవాళ్లకు పీట వేయండి.

ప్లైవుడ్‌కు రెండు వైపులా, కోసిన అంచులకు కూడా ప్రైమర్ పట్టించాలి. పైవైపు మాత్రమే రంగు వేస్తే కింది వైపు తేమ పీల్చి, జూలైకల్లా బల్ల విల్లులా వంగుతుంది. కాళ్ల అడుగున చెద మందు పూయండి.

4. గీత గీయడం

పిల్లలకు అప్పగించదగ్గ మొదటి పని ఇది. కొలతలు బల్ల ఎడమ ముందు మూల నుంచి.

1. ముందు అంచు నుంచి 24 అంగుళాల దూరంలో అడ్డంగా ఒక మధ్యగీత గీయండి.
2. ఆ గీత మీద ఎడమ అంచు నుంచి 22.5 అంగుళాల దగ్గర ఒక చుక్క, 49.5 దగ్గర ఇంకో చుక్క. ఇవి రెండు వంపుల కేంద్రాలు.
3. సన్నని చెక్కపట్టీకి ఒక చివర మేకు, సరిగ్గా 18 అంగుళాల దగ్గర పెన్సిల్ పట్టే రంధ్రం. దాంతో రెండు అర్ధవృత్తాలు గీయండి. దారంతో గీస్తే అది సాగి వంపు తప్పుతుంది.
4. ముందు అంచుకు 6 అంగుళాల దగ్గర, 42 అంగుళాల దగ్గర తిన్నని గీతలతో రెండు వంపుల్నీ కలపండి.

ఒక్కో తిన్నని భాగం 27 అంగుళాలు, అంటే మూడు ముక్కలు. చుట్టు మొత్తం 167 అంగుళాలు, 4.24 మీటర్లు.

ఎత్తుపల్లాలు, ఒక ట్రాకు మీదుగా ఇంకో ట్రాకు వెళ్లే వంతెన ఈ బల్ల మీద వద్దు. పైన వెళ్లే రైలుకు 3 అంగుళాల ఎత్తు కావాలి. నూటికి మూడు వాలుతో ఎక్కడానికి 100 అంగుళాలు, దిగడానికి మరో 100. మనకున్నది 167. రైలును వెనక్కి తిప్పి అదే లైనులో కలిపే లూప్ కూడా వద్దు. రెండు పట్టాల డీసీలో ప్లస్ వెళ్లి మైనస్‌ను ముట్టుకుంటుంది.

5. కార్కు, ట్రాకు

కార్కు పట్టీని పొడవునా నడిమికి చీల్చండి. చీలిన సగం వంపులో సులభంగా వంగుతుంది, గీతకు అటొకటి ఇటొకటి ఆనించి అంటించవచ్చు. ఫెవికాల్ పలుచగా రాసి, రాత్రంతా పుస్తకాల బరువు పెట్టండి. మర్నాడు ఇసుక కాగితంతో పైన ఒక్కసారి తేలిగ్గా రుద్ది, ఎగుడుదిగుళ్లు తీసేయండి.

ట్రాకు వేసే వరుస:

1. పాయింటుతో మొదలుపెట్టండి, వంపుతో కాదు. ముందు వైపు తిన్నని భాగానికి కుడి చివర దీని చోటు. గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్లే రైలుకు లోపలి వైపు ఎప్పుడూ కుడిచేతి వైపే, అందుకే కుడిచేతి పాయింటు.
2. అక్కణ్నుంచి రెండు వైపులా ముక్కలు కలుపుకుంటూ వెళ్లి, పాయింటుకు ఎదురుగా వెనక వైపు కలవండి.
3. సైడింగు (బండ్లు నిలిపే పక్క ట్రాకు): పాయింటు పక్క దారికి ఎదురు వంపు ముక్క ఒకటి, తర్వాత తిన్నని ముక్క ఒకటి, ఆపైన డెడ్ ఎండ్. ఇప్పుడు సైడింగు ప్రధాన లైనుకు 4.8 అంగుళాల లోపల, సమాంతరంగా ఉంటుంది. ఇంకో తిన్నని ముక్క చేర్చాలని అనిపిస్తుంది. చేరిస్తే దాని చివరకు, ఎడమ వంపుకు మధ్య రెండంగుళాలే మిగులుతుంది, నిలిపిన వ్యాగన్‌ను వెళ్లే రైలు గీసుకుపోతుంది.
4. అంతా మేకులు లేకుండా వేసి చూసుకున్నాకే బిగించండి. ఆఖరి అతుకు బలవంతంగా కలపాల్సి వస్తే తప్పు అక్కడ లేదు, వంపుల్లో ఎక్కడో ఉంది. లాగి కలిపితే అక్కడే జీవితాంతం బండి పడుతుంది.

జాయినర్ పెట్టేటప్పుడు పట్టా దాని మీదకెక్కి కూర్చోవడం అందరూ చేసే తప్పు. పైనుంచి చూస్తే తెలియదు. ప్రతి అతుకు మీద గోరు నడిపించండి. గోరు తట్టుకుంటే ఊడదీసి మళ్లీ పెట్టండి.

ఎండకు పట్టా సాగుతుంది. ఈ లోహం 25 డిగ్రీల వేడి పెరిగితే మన 4.24 మీటర్ల చుట్టులో దాదాపు 1.8 మి.మీ. పెరుగుతుంది. సంక్రాంతికి సందు లేకుండా బిగించిన ట్రాకు మే నెలలో పక్కకు ఉబుకుతుంది. అతుకు విడిచి అతుకుకు విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. ఎండాకాలంలోనే కడుతుంటే అంత అక్కర్లేదు.

మేకు దెబ్బ. ముందు 1 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం చేయండి. మేకు తలకు, స్లీపరుకు (పట్టాల కింది అడ్డ దిమ్మెకు) మధ్య కార్డు దూరేంత సందు ఉండాలి. గట్టిగా కొడితే స్లీపరు మధ్యలో కుంగి, రెండు పట్టాలూ దగ్గరకు వస్తాయి. గేజి తగ్గిన చోట చక్రం పైకెక్కుతుంది.

6. కరెంటు

బల్ల కింద ఎరుపు, నలుపు వైర్లు రెండు పొడవునా నడిపించి, వాటి నుంచి దాదాపు మీటరుకొకటి చొప్పున నాలుగు చోట్ల సన్నని జంట వైర్లు పట్టాలకు ఇవ్వాలి. జాయినర్లను నమ్ముకుని ఒక్కచోటే కరెంటు ఇస్తే మొదటి నెల బాగానే నడుస్తుంది. తర్వాత జాయినర్లలో మసి చేరి, దూరంగా ఉన్న వైపు రైలు నీరసిస్తుంది.

నియమం ఒక్కటే: బయటి పట్టాకు ఎరుపు, లోపలి పట్టాకు నలుపు. సైడింగులోనూ ఇదే. ఒక్క జత తారుమారైనా షార్టు.

1. పట్టా పక్క భాగాన్ని, బయటి వైపు, బ్లేడుతో గీకి మెరిపించండి.
2. రెండు పక్కల స్లీపర్ల మీద తడి దూది పెట్టండి, లేకుంటే ప్లాస్టిక్ కరుగుతుంది.
3. వైరు కొసకు ముందే సాల్డరు పట్టించి, పట్టాకు ఆనించి మూడు సెకన్లు ఐరన్ పెట్టి తీసేయండి. ఇది పెద్దవాళ్ల పని. పిల్లలు దూది పట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చూడవచ్చు.
4. ఒక్కో జత కలిపాక ఇంజను తీసేసి, కంట్రోలర్ వైర్లు విడదీసి, మల్టీమీటరును బీప్ మోగే అమరికలో ఉంచి రెండు పట్టాలకూ పెట్టండి. మోగకూడదు. మోగితే తప్పు ఇప్పుడు కలిపిన జతలోనే ఉంది. నాలుగూ కలిపాక వెతకడం మొదలుపెడితే సాయంత్రమంతా పోతుంది.

సైడింగులో వేరే ఇంజను నిలపాలంటే, అక్కడి బయటి పట్టాకు ప్లాస్టిక్ జాయినర్ పెట్టి, దానికి వచ్చే ఎరుపు వైరులో ఆన్-ఆఫ్ స్విచ్చి వేయండి. పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటును ఫ్రాగ్ అంటారు. అది ప్లాస్టిక్‌ది అయితే ఇంతటితో చాలు. లోహపుదైతే, ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్లే రెండు పట్టాలకూ, అంటే ప్రధాన లైను లోపలి పట్టాకు, సైడింగు బయటి పట్టాకు, ప్లాస్టిక్ జాయినర్లు కావాలి. మొదటిసారికి ప్లాస్టిక్ ఫ్రాగే సుఖం.

7. పరీక్ష: ఇది దాటకుండా ముందుకు వెళ్లవద్దు

☐ ఇంజను ఒక్కటే, గడియారం దిశలో 20 చుట్లు, ఎదురు దిశలో 20 చుట్లు
☐ ఐదు వ్యాగన్లతో అదే మళ్లీ
☐ ఇంజనును వెనక పెట్టి వ్యాగన్లను నెడుతూ 5 చుట్లు
☐ సైడింగులోకి నెడుతూ వెళ్లి, లాగుతూ వచ్చి, 10 సార్లు
☐ అన్నీ అత్యంత నెమ్మదిగా ఒకసారి

ఎక్కడ బండి పడ్డా అక్కడే ట్రాకు పక్కన చిన్న కాగితం ముక్క అంటించి, ఏ వ్యాగనో దాని మీద రాయండి. పిల్లలు ఈ లెక్క భలే శ్రద్ధగా రాస్తారు. చివర్లో చూడండి. వేర్వేరు వ్యాగన్లు ఒకేచోట పడితే తప్పు ట్రాకుది. ఒకే వ్యాగన్ వేర్వేరు చోట్ల పడితే తప్పు వ్యాగన్‌ది.

ట్రాకు తప్పయితే కన్ను పట్టా ఎత్తులో పెట్టి పొడవునా చూడండి, మెలిక తెలుస్తుంది. కనపడకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, ఏ చక్రం ముందు ఎక్కుతోందో చూడండి.

వ్యాగన్ తప్పయితే మొదట బరువు. అమెరికా నమూనా రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో అంగుళానికి అర ఔన్సు. మన 123 మి.మీ. వ్యాగన్‌కు అది సుమారు 97 గ్రాములు. ఇంటి తూకంలో పెట్టి చూసి, తక్కువైతే లోపల ఇనుప వాషర్లు అంటించి, వాటి మీద ఖనిజం పోసినట్టు ఎర్రమట్టి అద్దండి. సీసం బరువులు పిల్లలున్న ఇంట్లో వద్దు. తర్వాత చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి, సుమారు 14.4 మి.మీ. ఉండాలి.

వేగం గురించి కూడా ఇప్పుడే ఇంట్లో ఒక మాట అనుకోవాలి. మన చుట్టును రైలు 27 సెకన్లలో తిరిగితే అది అసలు రైలు గంటకు 50 కి.మీ. వెళ్లినట్టు. ఖనిజం రైలుకు అంతకంటే నెమ్మదే అందం. కంట్రోలర్ మీద ఆ స్థానం దగ్గర ఎర్ర చుక్క పెట్టండి.

8. కొండ, సొరంగం

చోటు: వెనక ఎడమ మూల, మూడు వంపు ముక్కల మీద. పొడవు 28 అంగుళాలు. ఇంజను, ఐదు వ్యాగన్లు కలిపి 31 అంగుళాలు కాబట్టి రైలు దాదాపు పూర్తిగా మాయమై మళ్లీ వస్తుంది.

సొరంగం లోపల పాయింటు ఉండకూడదు. వెనక వైపు చెయ్యి దూరేంత కిటికీ తప్పనిసరి. ద్వారం ఎత్తు పట్టా పైనుంచి 76 మి.మీ., వెడల్పు వంపులో 70 మి.మీ. అంటించకముందు అన్నిటికన్నా పొడవైన బండిని చేత్తో తోసి చూడండి. పొడవైన బండి వంపులో నడుము లోపలికి, మూలలు బయటికి నెడుతుంది.

థర్మోకోల్ షీట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఫెవికాల్‌తో అంటించండి. రబ్బరు జిగురు, స్ప్రే పెయింటు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. ఆకారం వచ్చాక, పట్టాలన్నీ టేపుతో కప్పి, బ్యాండేజి గుడ్డ ముక్కల్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి పరచండి. ఒక పాలు నీళ్లలో రెండు పాళ్ల పొడి, నీళ్లలోకి పొడి పోయాలి. పది నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి గిన్నెడే కలపండి. మిగిలింది సింకులో పోయొద్దు.

చిన్న గుట్టలకు కొండపల్లి బొమ్మల కళాకారులు వాడే రంపపు పొట్టు, చింతగింజల పిండి ముద్ద చక్కగా పనికొస్తుంది. అతుకు గట్టిది, ఎండాక చెక్కుకోవచ్చు కూడా.

9. కంకర

మన రైల్వే కంకర రాయి గరిష్ఠంగా 65 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 0.75 మి.మీ. పెద్ద ఇసుక పోస్తే ట్రాకు పక్కన బండరాళ్లు పడ్డట్టుంటుంది. ఇసుక కడిగి, ఎండబెట్టి, టీ వడపోతలో జల్లించండి.

తర్వాత చాలామంది వదిలేసే పని: ఇసుకలో అయస్కాంతం తిప్పండి. నల్ల ఇనుప రేణువులు అతుక్కుని వస్తాయి. అవి మిగిలితే ఇంజను మోటారు అయస్కాంతం వాటిని లోపలికి లాక్కుంటుంది, పళ్లచక్రాలు అరిగిపోతాయి.

పొడిగా పోసి, మెత్తని కుంచెతో స్లీపర్ల మధ్యకు సర్దండి. స్లీపర్ల పైన, పట్టాల లోపలి పక్కన ఒక్క గింజ కూడా ఉండకూడదు. గిన్నెలు తోమే సబ్బుచుక్క కలిపిన నీళ్లు మంచులా చల్లి, ఆపై సగం ఫెవికాల్ సగం నీళ్లు డ్రాపర్‌తో చుక్కలుగా వదలండి. ముందు తడపకపోతే జిగురు పైనే గోళీలా నిలిచి గుంట చేస్తుంది. పాయింటు కదిలే నాలుకల దగ్గర జిగురు వాడొద్దు. అక్కడ రంగు వేస్తే చాలు.

ఒక రోజు ఆరాక పట్టాల పైభాగం తుడిచి, ఏడో మెట్టు పరీక్ష మళ్లీ చేయండి.

10. స్టేషను, చెట్లు

ఇక ఇల్లంతా కూర్చోవచ్చు. హైలెవెల్ ప్లాట్‌ఫారం పట్టా పైనుంచి 9-10 మి.మీ. ఎత్తు. అట్ట పెట్టెతో చేయవచ్చు. బోర్డు పసుపు, అక్షరాలు నలుపు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు వరుసలో. అయిదున్నర అడుగుల మనిషి 19 మి.మీ.

ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లకు చీపురు పుల్లలు, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు ముక్కలు. 15 సెం.మీ. చెట్లు ముందు, 6-7 సెం.మీ. చెట్లు కొండ మీద పెడితే కొండ దూరంగా కనిపిస్తుంది. కరెంటు స్తంభాలు పెట్టండి, తీగ మాత్రం వద్దు. చెయ్యి తగిలి నాలుగు రోజుల్లో తెగుతుంది.

మూడేళ్ల లోపు పిల్లలుంటే బొమ్మ మనుషుల్ని, జాయినర్లను మూతపెట్టిన డబ్బాలో ఉంచండి.

11. నడుస్తూ నడుస్తూ ఆగితే

☐ ఎక్కడ పడితే అక్కడ ఆగుతోంది: పట్టాల మీద దుమ్ము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలుగుడ్డతో తుడవండి, ఇంజను చక్రాలు కూడా. ఇసుక కాగితం వద్దు. గీతల్లో మసి ఇంకా త్వరగా చేరుతుంది.
☐ ఒకే ముక్క మీద ఆగుతోంది: ఆ జాయినర్ వదులు. దాని పక్కన కొత్త జంట వైరు ఇవ్వండి.
☐ పాయింటు మీద ఆగుతోంది: వేగం కాస్త పెంచండి. అయినా ఆగితే నాలుక పట్టాకు ఆనడం లేదు, మధ్యలో కంకర గింజ చూడండి.
☐ కంట్రోలర్ లైటు ఆరిపోతోంది: షార్టు. పట్టాల మీద స్క్రూడ్రైవరో చెవిపోగో ఉంటుంది, ముందు అది చూడండి.
☐ వ్యాగన్లు విడిపోతున్నాయి: కప్లింగుల (వ్యాగన్లను కలిపే కొక్కేల) ఎత్తు తేడా. రెండిటినీ ఎదురెదురుగా పెట్టి చూసి, తగ్గినదాని కింద పలుచని వాషర్ వేయండి.

ఆడనప్పుడు బల్లను పాత దుప్పటితో కప్పండి. ఊరెళ్తే ఇంజను తీసి డబ్బాలో పెట్టండి, ప్లగ్గు పీకండి. తిరిగొచ్చాక ముందు పట్టాలు తుడిచి, ఆ తర్వాతే ఇంజను దించండి.